గడపగా మారిన ఇత్తడి పట్టీ

మీ ఇంట్లో కోడలో కూతురో కడుపుతో ఉన్నప్పుడు, ఊడిపోయిన మేకును ఎన్ని నెలలు అలాగే వదిలేశారు? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరు చెప్పుకోండి. ఎవరినో ఎగతాళి చేయడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. ఎగతాళి చేయడంలో ఒకప్పుడు నాకు మంచి పేరుండేది. ఆ పేరు ఎంత పనికిమాలినదో కోదాడలో ఒక ఇంటి నేల నాకు నేర్పింది.

నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి సంవత్సరం. మాది సూర్యాపేట. తాపీ పని మా ఇంటి వృత్తి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పగలు నేలలు పరిచేవాణ్ణి, సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద వాదించేవాణ్ణి. చీకటి పడ్డాక రోడ్డు మీద కనిపించిన ప్రతివాణ్ణీ మిలిటరీ ఆపి అడిగే రోజులవి. అందుకని మా వాదాలు దీపాలు పెట్టకముందే ముగిసేవి. దేవుడున్నాడా, జాతకాలు నిజమా, వితంతువు పెళ్ళి చేసుకోవచ్చా అని కొట్టుకునేవాళ్ళం. ఎదుటివాడి నోరు మూయించి ఇంటికి పోతే నాకు ఆ రోజు అన్నం సహించేది.

రెండు రకాల నేలలు కలిసేచోట ఎత్తు సరిపోవడం అరుదు. బండ ఒక మందం, సిమెంటు బిళ్ళ ఇంకో మందం. మధ్యలో ఒక అంచు నిలబడుతుంది. దాని మీద నాలుగు వేళ్ళ వెడల్పున్న ఇత్తడి పట్టీని, రెండు పక్కలా వాలు తీసి పరిచి బిగిస్తే, కాలికి ఎదురుదెబ్బ తగలదు, బిళ్ళ అంచు పగలదు. పట్టీ పని అంతే. అందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు.

ఆ పని నేను మిర్యాలగూడలో నేర్చుకున్నాను. ఒక బియ్యం మిల్లు యజమాని ఇంట్లో బెజవాడ వైపు నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ కింద మూడు నెలలు పనిచేశాను. బండకు రంధ్రం వేయడం, అందులో టేకు ముక్క దిగగొట్టడం, కింద సున్నపు గార పలచగా పరిచి, అది పచ్చిగా ఉండగానే పట్టీ పెట్టి మరమేకులు బిగించడం ఆయన దగ్గర చూశాను. అంతా అయ్యాక ఆయన భుజం మీది పాత నూలు తువ్వాలు తీసి పట్టీ మీదుగా అటూ ఇటూ లాగేవాడు. ఒక్క దారం తగులుకున్నా పని మళ్ళీ మొదలు.

"తొక్కాలయ్యా దీన్ని," అనేవాడు. "మొహమాటపడి దాటుకుంటూ పోతే పట్టీ కూర్చోదు. తొక్కే కొద్దీ కూర్చుంటుంది. నీళ్ళు మాత్రం తాగనీకు."

ఆ మిల్లు ఇంట్లో రోజంతా మనుషులు తిరిగేవారు. గుమస్తాలు, హమాలీలు, పిల్లలు, అందరూ దాన్ని తొక్కేవారు. మూడు నెలల్లో ఆ పట్టీ అద్దంలా మెరిసి, నేలలో కలిసిపోయింది.

ఆ సంవత్సరం వేసవిలో కోదాడ నుంచి కబురొచ్చింది. భూములున్న కుటుంబం. ఇంటి పెద్ద పోయాడు, పెత్తనం ఆయన భార్యది. ఒక్కడే కొడుకు, నా వయసువాడే, పేపరు చదువుతాడు, నెమ్మదస్తుడు. ఊళ్ళో అందరూ అతన్ని దొరా అనేవారు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతనికి అది ఇష్టంగానే ఉండేది, తల్లికి కాదు. అతని భార్యతో కలిపి ఇంట్లో ముగ్గురే. ఆమెకు పెళ్ళై రెండేళ్ళు.

నడిమింటికీ ముందరి హాలుకూ మధ్య గోడ తీయించి రెండూ కలిపేయాలని కొడుకు కోరిక. నడిమింట్లో పాత నల్లబండలు. హాల్లో బెజవాడ నుంచి తెచ్చిన పూల బిళ్ళలు. గోడతో పాటు అక్కడి కొయ్య గడప కూడా తీశాము. చెదలు తిని అది పిండి అయిపోయింది. దాని చోట పట్టీ వేయాలి.

తల్లి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"గడప లేని ఇల్లేం ఇల్లురా? సత్రం లెక్క ఉంటది."

"ఇంక మూడు గడపలున్నయి గదనే అమ్మా," అన్నాడు కొడుకు.

"నడిమింటి గడప పీకి నాకు లెక్కలు జెప్తున్నవా?"

ఇంటి పురోహితుణ్ణి పిలిపించారు. ఆయన పట్టీని చూశాడు, నన్ను చూశాడు, కాసేపు కళ్ళు మూసుకుని తేల్చేశాడు. పట్టీనే గడప అనుకోవాలి. గడపకు జరిగే మర్యాదలన్నీ దానికి జరగాలి. ఇంతలో ఆయనకు మరమేకులు కనిపించాయి.

"ఇవి ఇనుమా? గడపకు ఇనుము గుచ్చకూడదు."

"ఇత్తడి మేకులు సూర్యాపేటల దొరుకుతలేవు పంతులూ," అన్నాను.

"అయితే పసుపునీళ్ళతో కడిగి పైన పసుపు రాస్తే ఇనుము దోషం పోతుంది."

"పసుపునీళ్ళు పోస్తే ఇనుముకు తుప్పు వస్తది పంతులూ. దోషం సంగతి నాకు తెల్వదు."

కూలీలు నవ్వారు. కొడుకు మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు తేనెలా ఉంది. నవ్వు ఆగాక నేను ఆ పెద్దావిడ దగ్గర కూర్చుని, అమ్మా, దీని కింద నీళ్ళు దిగితే సున్నం మెత్తబడుతుంది, కడగొద్దు, తడిగుడ్డతో తుడిపించు అని వివరంగా చెప్పాల్సింది. చెప్పలేదు. మాట గెలిచాను కదా, ఇక పని ఏముంది అనుకున్నాను.

పట్టీ బిగించిన రోజు సాయంత్రం అత్త పెరట్లోకి పోయిన అదను చూసి కోడలు వచ్చింది. పట్టీ మీద రెండు పాదాలూ ఆనించి నిలబడింది.

"ఎంత సల్లగున్నదే! మేస్త్రన్నా, దీన్ని తొక్కొచ్చునా?"

"తొక్కితేనే మంచిగుంటది చెల్లె. రోజుకు నూరుసార్లు తొక్కు."

"మా అత్త సూస్తే నా కాళ్ళు ఇరగ్గొడ్తది. నా కాళ్ళకు గూడ పట్టీ ఏస్తవా?"

పెరటి తలుపు చప్పుడైంది. ఆమె ఒక్క గెంతులో వంటింట్లో ఉంది.

మరుసటి శుక్రవారం నుంచి మర్యాదలు మొదలయ్యాయట. చెంబెడు పసుపునీళ్ళు పోసి కడగడం, ఆరకముందే పసుపు పూయడం, కుంకుమ బొట్లు పెట్టడం, ముగ్గు వేయడం. ఆ పని కోడలిది. ఇక తొక్కడమన్న మాటే లేదు. ఇంటివాళ్ళు, చుట్టాలు, పాలేళ్ళు, అందరూ కాలెత్తి దాటేవాళ్ళే. ఇత్తడికీ బండకూ మధ్య సందులోంచి వారం వారం నీళ్ళు దిగాయి. టేకు ముక్కలు ఉబ్బి, ఎండి, మళ్ళీ ఉబ్బాయి. మేకులు తుప్పు పట్టి తలలు రాలాయి. పైనుంచి అణిచే కాలు లేదు. మిర్యాలగూడలో నూరుమంది తొక్కితే నేలలో కలిసిన వస్తువు, కోదాడలో నూరుమంది దండం పెడితే పైకి లేచింది. ఇందులో మాయ లేదు. వస్తువును దాని పని చేయనివ్వకపోతే అది మన మీదికి తిరుగుతుంది.

కార్తీకం వెళ్ళాక ఇంకో పని మీద కోదాడ పోయి, ఆ ఇంటికీ ఒకసారి వెళ్ళాను. హాల్లోకి అడుగు పెట్టగానే నా కళ్ళు పట్టీ మీదికి పోయాయి. ఎడమ కొస బొటనవేలంత ఎత్తు లేచి ఉంది. అంచు కొడవలి నోరులా ఉంది. దాని మీద పసుపు, కుంకుమ, తాజాగా.

"అన్నా, సుత్తి తెప్పియ్యి. దిగగొట్టెటందుకు టేకు ముక్కలు, నాలుగు కొత్త మేకులు నా సంచిల ఉన్నయి. అరగంట పని," అన్నాను.

కొడుకు కదల్లేదు. తల్లి వైపు చూశాడు. ఆమె వాకిట్లో చుట్టాలతో, పురోహితుడితో కూర్చుని ఉంది. అక్కడి నుంచే కేకేసింది.

"సుత్తి గిత్తి ఏం లేదు మేస్త్రీ. కోడలికి అయిదో నెల. నీళ్ళోసుకున్న ఇంట్ల మేకు కొట్టొద్దు, గోడ కదిలియ్యొద్దు. గడప మీద దెబ్బ పడితే కడుపుల బిడ్డ మీద పడ్డట్టే."

"ఎవరు జెప్పిండ్రమ్మా?"

"మా అత్త జెప్పింది. మా అత్తకు వాళ్ళత్త జెప్పింది. మేకు కొడితే బిడ్డకు పెదవి చీలుతది. నాకు తెలిసినోళ్ళకే అయింది."

నా నాలుకకు పని దొరికింది. అక్కడ పదిమంది ఉన్నారు. సూర్యాపేట అరుగు మీద లేచి నిలబడ్డట్టే నిలబడ్డాను.

"అయితే కమ్మరి ఇంట్ల పిల్లలు పుట్టరా అమ్మా? పొద్దున లేస్తే సుత్తి, పొద్దు గూకితే సుత్తి. మీ ఊరి కమ్మరికి ఆరుగురు పిల్లలు. ఎవరికి చీలింది పెదవి? వడ్డెరామె నెలలు నిండినంక గూడ బండ పగలగొడ్తది. ఆమె బిడ్డలు పగిలిన్రా?"

జనం గొల్లుమన్నారు. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళ కులానికి అది చెల్లుతుంది."

"అంటే కడుపుల ఉన్న బిడ్డకు ముందే కులం తెలుస్తదన్నట్టు! చెవులు పుట్టకముందే సుత్తి ఏ కులపోడిదో ఇంటదన్నట్టు!"

ఈసారి చుట్టాల్లోని ఆడవాళ్ళు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పురోహితుడు లేచి కండువా దులుపుకున్నాడు. పెద్దావిడ మొహం ఎర్రబడింది. ఆమె కంట్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నేను వాటిని నా గెలుపుకు గుర్తు అనుకున్నాను.

"నువ్వే గెలిచినవ్ మేస్త్రీ," అంది. "పదిమందిల నా ఇజ్జత్ తీసినవ్. ఇగ పో. గీ ఇంట్ల సుత్తి మాత్రం పడదు."

సంచి భుజాన వేసుకున్నాను. వీధి గుమ్మం దగ్గర కోడలు కనిపించింది. నీళ్ళ బిందె పట్టుకుని ఉంది, నవ్వుతోంది.

"మస్తు మాట్లాడినవ్ మేస్త్రన్నా. పంతులు పరేషానయిండు. పట్టీ మాత్రం గట్లనే ఉన్నది."

"మీ అత్తకు బుద్ధొచ్చిన దినం కబురు పంపు చెల్లె."

"అయ్యో, అంతదాక ఎట్ల? కాలెత్తి నడుస్త తియ్యి."

నేను నవ్వుకుంటూ బస్సెక్కాను. వారం రోజులు మా గ్రంథాలయంలో ఈ కథే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. చలికాలం పొద్దున, మా వాకిట్లో ఒక లారీ ఆగింది. ముందు కోదాడ కొడుకు దిగాడు. అతని గడ్డం మాసి ఉంది, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"సూర్యాపేటల నాకు తెలిసినోడివి నువ్వొక్కడివే. దవాఖాన యాడుందో సూపియ్యి."

లారీలో గడ్డి మీద ఆమె పడుకుని ఉంది. పడుకుని ఉంది అనడం తప్పు. తల, మడమలు మాత్రమే గడ్డికి ఆనుతున్నాయి. మధ్యలో ఒళ్ళంతా విల్లులా లేచి బిగుసుకుపోయి ఉంది. ఏడో నెల కడుపు. పళ్ళు గట్టిగా కరుచుకుని ఉన్నాయి. పెదవులు రెండు వైపులా సాగి, చూసేవాళ్ళకు నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. నవ్వు కాదు. ఆమె నవ్వు నాకు తెలుసు. కళ్ళు మాత్రం అన్నీ తెలిసిన కళ్ళు. నన్ను గుర్తుపట్టింది. తెలివి తప్పి ఉంటే బాగుండునని నేను కోరుకున్న మొదటి మనిషి ఆమె.

సర్కారు దవాఖానకు పోయేదాకా లారీలో అతను చెప్పాడు. శుక్రవారం, చేతిలో పసుపునీళ్ళ చెంబు. కాలు ఎత్తింది కానీ కడుపు బరువుకు సరిగా ఎత్తలేకపోయింది. పట్టీ కొస అరికాల్లో దిగి వేళ్ళ దాకా చీల్చింది. పెద్దావిడ కొంగు చింపి రక్తం ఆపి, ఆవుపేడలో పసుపు కలిపి కట్టు కట్టింది. ప్రేమతోనే కట్టింది. నాలుగు రోజుల్లో గాయం మీద పక్కు కట్టింది. ఎనిమిదో రోజు అన్నం ముద్ద పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదు. గాలి సోకిందన్నారు. మంత్రగాణ్ణి పిలిచారు. మంచం చుట్టూ డప్పులు, మిరపకాయల పొగ, వేపమండలు. డప్పు మోగినప్పుడల్లా ఆమె ఒళ్ళు విరుచుకుపోతుంటే, దయ్యం కదులుతోంది, ఇంకా గట్టిగా కొట్టండి అన్నారు.

దవాఖానలో డాక్టరు సాబ్ ఆమె దవడ మీద చెయ్యి వేశాడు, కట్టు విప్పి పాదం చూశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఎన్ని దినాలాయె ఈ జఖమై?"

"పది."

"పది దినాలు ఏం చేసిండ్రు?"

అతను విప్పిన కట్టును చేతిలోకి తీసుకుని చుట్టసాగాడు.

"ఇది ధనుర్వాతం. దెబ్బ తాకిన దినమే తెస్తే కడిగి సూది ఇచ్చేటోణ్ణి. ఇప్పుడు నా చేతిల ఏం లేదు. దర్వాజ ముయ్యుండ్రి. చప్పుడు చెయ్యకుండ్రి. చప్పుడైతే ఆమెకు కత్తి దిగినట్టుంటది."

అతను గోడకు తల ఆనించి అలాగే కిందికి జారి కూర్చున్నాడు. "మూడు దినాలు డప్పు కొట్టిచ్చినం," అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు.

అరగంట సుత్తి చప్పుడు ఆ గర్భానికి పడదన్నారు. మూడు రోజుల డప్పు పడుతుందన్నారు. వంద సభల్లో వంద మంది చేయలేని వాదం ఇది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. నేనూ, గోడ కింద అతనూ, తలుపు వెనక ఆమె, అంతే.

మరుసటి మధ్యాహ్నం ఆమె పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది. శవాన్ని తీసుకుని మేము కోదాడ చేరేసరికి ఊరంతా వాకిట్లో ఉంది. పెద్దావిడ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గడపకు ఇనుము గుచ్చినవ్," అంది. "వద్దన్నా గుచ్చినవ్. నా ఇంటిని మింగినవ్."

ఎవరూ కాదనలేదు. పురోహితుడు తల ఊపాడు. దహనం అయిన నాలుగో రోజు ఒక పాలేరు గడ్డపార, సుత్తి పట్టుకుని ఆ పట్టీని పెకలించి చెరువులో పారేశాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ ఇంట్లో సుత్తి కొట్టొచ్చు. నీళ్ళోసుకున్న మనిషి లేదు కదా!

కోదాడలో మళ్ళీ నాకు పని దొరకలేదు. దానికి బాధ లేదు. నన్ను ఇన్నేళ్ళుగా తినేస్తున్నది వేరే ఉంది. మూఢనమ్మకం ఆమెను చంపిందని రాసి నేను చేతులు కడుక్కోవచ్చు. అది నిజమే కానీ పూర్తి నిజం కాదు.

పదిమందిని నవ్వించిన ఆ రోజు నా సంచిలో తాపీ ఉంది. పెరట్లో సున్నం తొట్టి ఉంది. లేచిన కొస కింద, దాని రెండు పక్కలా, గుప్పెడు గార మెత్తి వాలుగా దిద్దితే సరిపోయేది. సుత్తి అక్కర్లేదు, మేకు అక్కర్లేదు, చప్పుడు లేదు. అమ్మా, నీ మాటే కానివ్వు, మేకు కొట్టను, కాస్త సున్నం మెత్తి పోతాను అంటే ఆ పెద్దావిడ కాదనేది కాదు. పేడకట్టు కట్టిన చెయ్యే ఆ సున్నం తెచ్చి ఇచ్చేది. నాకు ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది. కానీ అలా చేస్తే ఆమె నమ్మకం గెలిచినట్టు అవుతుంది. నాకు సుత్తే కావాలి. పదిమంది చూస్తుండగా సుత్తి పడాలి, పెదవి చీలని బిడ్డ పుట్టాలి, నా మాట నెగ్గాలి. నేను ఒక మనిషి అరికాలిని నా వాదానికి సాక్ష్యంగా పెట్టాను.

హేతువు అంటే ఎదుటివాడి నోరు మూయించడం కాదు. పసుపు కింద దాగిన ఇత్తడి అంచును చూడడం, చూశాక దాన్ని అలా వదలకపోవడం. నేను చూశాను, వదిలాను. పురోహితుడికి కనీసం అది కనిపించలేదు. ఆ లెక్కన ఆయన కంటే నేను పెద్ద దోషిని. నమ్మకాలను వెక్కిరించే మిత్రులు ఇది చదివి నా మీద కోపం తెచ్చుకుంటే తెచ్చుకోండి. నమ్మకాలను నేను ఈ రోజుకూ క్షమించలేదు. గర్భిణికి ముహూర్తాలు చూసేవాళ్ళను, గాయానికి పేడ మెత్తేవాళ్ళను, రోగానికి డప్పు కొట్టేవాళ్ళను నిలదీస్తూనే ఉంటాను. నిలదీసి ఇంటికి పోయి అన్నం తినే వాడిగా మాత్రం ఇక ఉండను.

మీ వాడకట్టులో ఈ రోజే ఎవరి కాలో తెగి ఉంటుంది. పేడ కట్టో, బూడిద కట్టో కట్టుకుని, నాలుగు రోజుల్లో మానుతుందని కూర్చుని ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఆ ఇంటికి పొండి. వాళ్ళతో వాదించకండి, నవ్వకండి. కాగిన నీళ్ళు, సబ్బు అడిగి ఆ గాయాన్ని మీ చేత్తో కడగండి, దొరికిన బండిలో వాళ్ళను ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోండి. సూది వేసేదాకా గుమ్మం దగ్గరే నిలబడండి.